మఖ్దూం మొహియుద్దీన్

మఖ్దూం మొహియుద్దీన్ (ఫిబ్రవరి 4, 1908 – ఆగష్టు 25, 1969) సుప్రసిద్ధ ఉర్దూ కవి, హైదరాబాదు సంస్థానంలో కమ్యూనిస్టు ఉద్యమ స్థాపకులలో ఒకడు, కార్మిక నాయకుడు, తెలంగాణా రైతాంగ సాయుధ పోరాట నాయకుడు. స్వాతంత్ర్యానంతరం హైదరాబాదు శాసనసభకు, తరువాత ఆంధ్ర ప్రదేశ్ శాసనమండలికి సభ్యుడైనాడు. ఈయన కవితా సంకలనం "బిసాతె రఖ్స్"కు 1969లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం లభించింది.

తెలుగు పత్రికలలో ఈయన పేరును మఖ్దూం, మగ్దూం, ముఖ్దూం అని పలువిధాలుగా వ్రాస్తారు. హైదరాబాదు హిమాయత్‌నగరులోని కమ్యూనిస్టు పార్టీ కార్యాలయం మాత్రం జనవ్యవహారంలో "మగ్దూం భవన్"గానే స్థిరపడింది. ఆ భవనం పేరు దినపత్రికలలో తరచు చదివేవారిలోనూ, అది ఒక ప్రేమకవి పేరు అని ఎరిగినవారు తక్కువే.

బాల్యం

మఖ్దూం మెదకు జిల్లా అందోలు గ్రామంలో ఒక పేద ముస్లిం కుటుంబంలో జన్మించాడు. 2016 జిల్లాల పునర్వ్యవస్థీకరణ తరువాత ఈ ప్రాంతం సంగారెడ్డి జిల్లాలో చేరింది. అందోలుకు ఆనుకొనియున్న జోగిపేటలోనే 1930లో నిజాం రాష్ట్ర ఆంధ్ర మహాసభ ప్రథమ సమావేశం సురవరం ప్రతాపరెడ్డి అధ్యక్షతన జరిగింది. అప్పటికి మఖ్దూం ఇరువది రెండేళ్ళ విద్యార్థి, హైదరాబాదులో ఉన్నాడు. పదునాలుగు సంవత్సరాలు గడిచేసరికి ఆ మహాసభ కమ్యూనిస్టుల నాయకత్వంలోనికి వచ్చింది. పొరుగూరిలో పుట్టిన ఆ సంస్థకూ ఈ ఉర్దూ కవికీ చివరకు ఒకే పోరాటంలో పొత్తు కుదిరింది.

పసితనంలోనే తండ్రి గౌస్ మొహియుద్దీన్ మరణించాడు. తల్లి వేరొకరిని వివాహమాడి వెళ్ళిపోగా, ఆమె కూడ మరణించినదనే పిల్లవానికి చెప్పి పెంచారు. ఆమె జీవించియున్నదన్న సంగతి పెద్దవాడైన తరువాత గాని ఆయనకు తెలియలేదు. పినతండ్రి బషీరుద్దీన్ ఇంట మఖ్దూం పెరిగాడు. ఆ ఇంట నియమనిష్ఠలు హెచ్చు. మసీదు ఊడ్చుట, నీళ్ళు తోడిపెట్టుట వంటి పనులు బాలుని వంతు. అయితే పినతండ్రి మతనిష్ఠతోపాటు లోకవార్తల యందు ఆసక్తి గలవాడు. రష్యాలో విప్లవం వచ్చిందనీ, అక్కడ అందరూ ఒకే దస్తర్‌ఖాన్ చుట్టూ కూర్చుండి భోజనం చేస్తారనీ ఆయన ఇంటిలో చెప్పేవాడు. దస్తర్‌ఖాన్ అనగా భోజనానికి పరచే వస్త్రం. తన రాజకీయాలకు మొదటి బీజం ఆ మాటయేనని మఖ్దూం తరువాతి కాలంలో తలచుకొనేవాడు.

విద్యాభ్యాసం, తొలి రచనలు

1929లో ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చదువుకొనుటకు హైదరాబాదు చేరాడు. 1918లో స్థాపితమైన ఆ విశ్వవిద్యాలయంలో ఉన్నత విద్య అంతా ఉర్దూ మాధ్యమంలోనే సాగేది. సంస్థానంలో అధిక సంఖ్యాకుల మాతృభాష తెలుగు కాగా, ప్రభుత్వ భాష, న్యాయస్థానాల భాష, ఉన్నత విద్యా భాష ఉర్దూ. ఈ వైపరీత్యాన్ని గుర్తుంచుకొంటేనే మఖ్దూం స్థానం బోధపడుతుంది. ఆయన కవిత్వం వ్రాసినది పాలకుల భాషలో, ఆయన పోరాడినది ఆ పాలకులపైననే.

చదువుకొనే రోజులలో దారిద్ర్యం తీవ్రంగా ఉండేది. రాత్రివేళ మసీదులో తలదాచుకొనేవాడనీ, సినీతారల చిత్రపటాలు అమ్మాడనీ, ఒక నవాబు తరఫున ఆయన ప్రియురాలికి ప్రేమలేఖలు వ్రాసిపెట్టి డబ్బు గడించాడనీ మిత్రులు చెప్పేవారు. ఇట్టి కథలలో కొంత మిత్రుల చమత్కారం కలిసియుండవచ్చును. మఖ్దూంకు స్వయంగా హాస్యప్రియుడన్న పేరుండేది. 1934లో బి.ఏ., 1936లో ఎం.ఏ. పట్టాలు పొందాడు.

ఈయనకు పేరు తెచ్చిన మొదటి రచన "పీలా దుశాలా" (పసుపుపచ్చ శాలువ) అనే హాస్యగేయం. ఇది విద్యార్థి వసతిగృహంలో పుట్టి నగరమంతా ప్రచారం పొందింది. వెనువెంటనే వచ్చిన "తూర్" వంటి ఖండికలు మాత్రం స్వచ్ఛమైన ప్రేమకవితలు. బెర్నార్డ్ షా నాటకం ఒకదానిని సహరచయితతో కలిసి "హోష్ కే నాఖూన్" పేరుతో ఉర్దూలోనికి మార్చాడు. ఆ ప్రదర్శనను రవీంద్రనాథ టాగూరు చూచి మెచ్చుకొన్నాడని ప్రతీతి. టాగూరు కవిత్వంపై మఖ్దూం ఒక చిన్న పుస్తకం కూడ వ్రాశాడు. చెహోవ్ నాటకం "చెర్రీ తోట"ను ఉర్దూ రంగస్థలానికి అనువదించినవాడూ ఈయనే.

ఉద్యోగం, రాజీనామా

ఎం.ఏ. పూర్తయిన తరువాత కొన్నాళ్ళకు హైదరాబాదు సిటీ కళాశాలలో ఉర్దూ అధ్యాపకుడుగా చేరాడు. విద్యార్థులు ఈయన పాఠాలను ఇష్టపడేవారు. జీతం నిలకడగా వచ్చిన కాలం జీవితం మొత్తంలో ఇదొక్కటే. 1936లో లక్నోలో అఖిల భారత అభ్యుదయ రచయితల సంఘం ఏర్పడినాక, దాని హైదరాబాదు శాఖను నెలకొల్పినవారిలో మఖ్దూం ఒకడు. సరోజినీ నాయుడు కుటుంబానికి చెందిన "గోల్డెన్ త్రెషోల్డ్" భవనం ఈ యువ రచయితలకు సమావేశ స్థలంగా ఉండేది. అప్పటికే రహస్యంగా కమ్యూనిస్టు బృందాలతో సంబంధం ఏర్పడింది. సంస్థానంలో బహిరంగ రాజకీయాలకు అవకాశం లేనందున "కామ్రేడ్స్ అసోసియేషన్" అనే పేరుతో యువకులు కూడేవారు. ఇందులో ముస్లిం, హిందూ కుటుంబాల నుండి వచ్చిన విద్యావంతులు కలిసి పనిచేశారు.

1941లో కళాశాల ఉద్యోగానికి రాజీనామా చేసి పూర్తికాలం పార్టీ కార్యకర్త అయ్యాడు. అదే కాలంలో యుద్ధ వ్యతిరేక ప్రచారం చేసినందుకు కొన్ని నెలలు కారాగార శిక్ష అనుభవించాడు. సాహిత్య చరిత్రకారులు ఈ రాజీనామాను సాధారణంగా ఒక వాక్యంలో ముగిస్తారు. కాని తల్లిదండ్రుల అండ లేక, మసీదులో నిద్రించి చదువుకొన్న మనిషి ఒకేఒక స్థిరమైన ఉద్యోగాన్ని విడిచిపెట్టడం అల్పవిషయం కాదు. ఆయన జీవితంలో తరువాత జరిగినదంతయు ఈ నిర్ణయం మీదనే ఆధారపడియున్నది.

కార్మికోద్యమం

మఖ్దూం చేసిన మొదటి రాజకీయ కార్యం కార్మిక సంఘాల నిర్మాణం. చార్మినార్ సిగరెట్ల కర్మాగారం, గుండీల కర్మాగారం, విద్యుచ్ఛక్తి శాఖ, రైల్వే, షాబాదు సిమెంటు కర్మాగారం మొదలగు చోట్ల సంఘాలను ఏర్పరచుటలో ఈయన పాత్ర ఉన్నది. 1946లో ఏర్పడిన అఖిల హైదరాబాదు ట్రేడ్ యూనియన్ కాంగ్రెసుకు అధ్యక్షుడైనాడు. గేటు ముందు ఉపన్యాసం ముగిసిన తరువాత కార్మికులు పాట కోరేవారు, ఆయన తరన్నుంలో, అనగా రాగయుక్తంగా, తన గేయాన్ని వినిపించేవాడు. మధురమైన కంఠం ఆయనకు సభలలో పెద్ద ఆస్తి. స్వాతంత్ర్య సమరాన్ని గురించి వ్రాసిన "జంగే ఆజాదీ" గేయం సంస్థానం ఎల్లలు దాటి ఉత్తర భారతదేశంలోని ఊరేగింపులలో కూడ పాడబడింది.

తొలి కవితా సంపుటి "సుర్ఖ్ సవేరా" (ఎర్రని ఉదయం) 1944లో వెలువడింది. ఇందులో ప్రేమకవితలూ విప్లవ కవితలూ ప్రక్కప్రక్కనే ఉన్నవి. యుద్ధానికి వెళ్ళే సిపాయిని ఉద్దేశించినది ఒకటి, శిథిలమైన ప్రభువుల భవంతిని రాచరికానికి సంకేతంగా చూపిన "హవేలీ" మరొకటి. "అంధేరా" (చీకటి) అనే ఖండికలో యుద్ధకాలపు రాత్రి వర్ణన ఉన్నది. ప్రేమికుడూ కార్యకర్తా వేర్వేరు మనుషులు కారన్న భావం ఈ సంపుటి అంతటా కనబడుతుంది.

సాయుధ పోరాటం

1944 భువనగిరి మహాసభలో రావి నారాయణరెడ్డి అధ్యక్షుడు కావడంతో ఆంధ్ర మహాసభ వెట్టిచాకిరికి, అక్రమ వసూళ్ళకు వ్యతిరేకంగా గ్రామాలలోనికి చొచ్చుకొనిపోయింది. 1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య దేశ్‌ముఖ్ మనుషుల కాల్పులలో మరణించడంతో పోరాటం తీవ్రరూపం దాల్చింది. ఆ సంవత్సరం చివరలో ప్రభుత్వం కమ్యూనిస్టు పార్టీపై నిర్బంధం విధించగా మఖ్దూం అజ్ఞాతవాసానికి వెళ్ళాడు.

1947 ఆగష్టు 15న బ్రిటిషు ఇండియా స్వతంత్రమైనది గాని నిజాం సంస్థానం భారతదేశంలో చేరలేదు. సెప్టెంబరు 11న రావి నారాయణరెడ్డి, బద్దం ఎల్లారెడ్డి, మఖ్దూం మొహియుద్దీన్ ముగ్గురి పేర్లతో సాయుధ పోరాటానికి పిలుపు వెలువడింది. ఆ ముగ్గురిలో మఖ్దూం పేరుండటానికి ప్రత్యేకమైన ప్రాముఖ్యం ఉన్నది. ఖాసిం రజ్వీ నాయకత్వంలోని రజాకార్లు ఈ సంఘర్షణను ముస్లిం రాజ్యానికీ హిందూ ప్రజలకూ మధ్య యుద్ధంగా ప్రచారం చేస్తున్న కాలమది. సంస్థానాన్ని భారతదేశంలో కలపాలని వ్రాసిన "ఇమ్రోజ్" పత్రికా సంపాదకుడు షోయబుల్లా ఖాన్‌ను 1948 ఆగష్టులో హైదరాబాదు వీధిలో హత్య చేశారు. అట్టి దినాలలో నగరంలో అత్యంత ప్రజాదరణ గల ఉర్దూ కవి నిజాంపై ఆయుధం పట్టమన్న ప్రకటనకు సంతకందారుడు కావడం రజాకార్ల వాదానికి గొడ్డలిపెట్టు అయ్యింది. అంతకు ముందే విసునూరు దేశ్‌ముఖ్‌ను ఎదిరించి ప్రాణం కోల్పోయిన షేక్ బందగీ పేరు కూడ తెలంగాణా పల్లెలలో పాటగా నిలిచియున్నది.

మఖ్దూం అడవులలో దళాలను నడిపిన యోధుడని కొందరు వ్రాశారు. అది అతిశయోక్తి. ఆయన రహస్య జీవితం ప్రధానంగా నగర కార్మికుల మధ్య, పార్టీ నిర్మాణంలో గడిచింది. ఉర్దూ వ్రాసే ఈ నగర కవి తెలంగాణా పల్లెపడుచును ఉద్దేశించి వ్రాసిన ఖండికలో కూడ ఆమెను దూరం నుండి చూచే ఆశ్చర్యమే ప్రధానంగా ఉంటుంది.

1948 సెప్టెంబరులో భారత సైన్యం ప్రవేశించి నిజాం పాలన ముగిసినా పోరాటం వెంటనే ఆగలేదు. భూములు తిరిగి దేశ్‌ముఖుల వశమౌతాయన్న భయంతో పార్టీ దానిని కొనసాగించింది. ఈ నిర్ణయం సరియైనదా కాదా అన్న విషయమై ఆ పార్టీలోనే దశాబ్దాలపాటు వాదోపవాదాలు జరిగాయి. రావి నారాయణరెడ్డి వంటి అగ్రనాయకుడే దానిని తప్పుగా భావించాడు. 1951లో మఖ్దూం అరెస్టయ్యాడు. అదే సంవత్సరం అక్టోబరు 21న పోరాట విరమణ ప్రకటన వెలువడింది. కారాగారంలో వ్రాసిన "ఖైద్" అనే కవిత ఈయన ఉత్తమ రచనలలో ఒకటి. అందులో ఖైదీకి తన బాధ కంటె, బయట సాగిపోతున్న జీవితంలో తన పాలు లేదన్న తపన ఎక్కువ.

శాసనసభలో

1952 మొదటి సాధారణ ఎన్నికల నాటికి హైదరాబాదు రాష్ట్రంలో కమ్యూనిస్టు పార్టీపై నిషేధం ఉన్నందున అభ్యర్థులు ప్రజాస్వామ్య ఫ్రంటు (పి.డి.ఎఫ్.) పేరున నిలిచారు. నల్లగొండ లోక్‌సభ స్థానం నుండి రావి నారాయణరెడ్డి జవహర్‌లాల్ నెహ్రూ కంటె ఎక్కువ ఓట్లు సంపాదించినది ఈ ఎన్నికలలోనే. కాని మఖ్దూం హైదరాబాదు నగరంలో పోటీచేసి ఓడిపోయాడు. పిమ్మట అదే సంవత్సరం నల్లగొండ జిల్లా హుజూర్‌నగర్ ఉప ఎన్నికలో గెలిచి శాసనసభలో ప్రవేశించాడు. తన భాష మాట్లాడే నగరం ఓడించగా, తన భాష చదువలేని తెలుగు రైతులు గెలిపించిన కవి అని దీనిని చెప్పుకోవచ్చును.

1950ల నడుమ కొంతకాలం వియన్నాలో ప్రపంచ కార్మిక సంఘాల సమాఖ్య కార్యాలయంలో పనిచేశాడు. 1956లో ఆంధ్ర ప్రదేశ్ అవతరించింది. 1958లో రాష్ట్ర శాసనమండలి ఏర్పడిన తరువాత అందులో సభ్యుడై ప్రతిపక్ష నాయకుడుగా వ్యవహరించాడు. 1964లో కమ్యూనిస్టు పార్టీ చీలినపుడు సి.పి.ఐ.లోనే ఉండిపోయాడు. చీలిక వలన పాత సహచరులు ఎదురెదురు పక్షాలలో నిలిచారు.

మలి కవిత్వం

అజ్ఞాతవాసం, జైలు, ఎన్నికల కాలంలో మఖ్దూం చాల తక్కువ వ్రాశాడు. రెండవ సంపుటి "గుల్-ఎ-తర్" (తడి ఆరని పువ్వు) 1961లో, అనగా మొదటిది వెలువడిన పదునేడు సంవత్సరాలకు వచ్చింది. రాజకీయాలు కవిని మింగివేసినవని కొందరు విమర్శకులు వాపోయారు. ఈ ఫిర్యాదులో కొంత నిజమున్నది. మొత్తం రచనలను 1966లో "బిసాతె రఖ్స్" (నాట్యవేదిక) పేరుతో ఒకే సంపుటిగా ప్రకటించినపుడు అది పెద్ద గ్రంథం కాలేదు. అయితే మలిదశలోని కవిత తొలిదశ కంటె పరిణతమైనదన్న విషయంలో భేదాభిప్రాయం లేదు. నినాదపు ధ్వని తగ్గింది, స్వరం మెత్తబడింది. యౌవనంలో గజల్ జోలికి పోని కవి 1950ల చివరలో గజళ్ళు వ్రాయ మొదలుపెట్టాడు.

"చాంద్ తారోం కా బన్" (చంద్రతారకల వనం) అనే కవితలో స్వాతంత్ర్యానికి ముందు, వెనుక, దాని అవతల అన్న మూడు కాలాల చిత్రణ ఉన్నది. రాత్రంతయు కొవ్వొత్తులవలె కాలినవారు తెల్లవారుతుందని ఎదురుచూచారు, వచ్చిన ఉదయంలో చీకటి మిగిలేయున్నది, ఇక చేయవలసినది మళ్ళీ చేయి చేయి పట్టుకొని నడచుటయే అన్నది దీని సారాంశం. దేశ విభజన సమయంలో ఫైజ్ అహ్మద్ ఫైజ్ వ్రాసిన "సుబ్‌హె ఆజాదీ"తో దీనిని పోల్చి చదువుట ఉర్దూ విమర్శలో పరిపాటి. "చారాగర్" (వైద్యుడు) ఒక మల్లెపందిరి క్రింద ఇద్దరు ప్రేమికులు దహించుకుపోయిన కథ. ప్రపంచంలోని అన్ని రోగాలకు మందులుంచుకొన్న వైద్యుని, ప్రేమకు మందున్నదా అని కవి ప్రశ్నిస్తాడు.

ఆఫ్రికా, లుముంబా

1960 జూన్ 30న బెల్జియం నుండి స్వాతంత్ర్యం పొందిన కాంగో దేశానికి మొదటి ప్రధానమంత్రి పాట్రిస్ లుముంబా. కొద్ది నెలలలోనే పదవీచ్యుతుడై, 1961 జనవరి 17న హత్యకు గురయ్యాడు. ఆ వార్తపై మఖ్దూం వ్రాసిన "చుప్ న రహో" (మౌనం వద్దు) ఆయన సుప్రసిద్ధ రచనలలో ఒకటి. ఎక్కడో జరిగిన హత్యను తన వీధిలో జరిగినదానివలె భావించి, చూచినవారంతా సాక్ష్యం చెప్పాలని కోరే కవిత ఇది. 1968లో మార్టిన్ లూథర్ కింగ్ హత్య జరిగినపుడు కూడ ఇట్టి స్మృతిగీతం వ్రాశాడు.

ఆఫ్రికాలో అదే తరానికి చెందిన కవులు పలువురు స్వాతంత్ర్యోద్యమాల నుండి నేరుగా అధికారంలోనికి వెళ్ళారు. మఖ్దూం కంటె రెండేళ్ళు పెద్దవాడైన లియొపోల్డ్ సెంఘార్ ఫ్రెంచి భాషలో కవిత్వం వ్రాసి, 1960లో సెనెగల్ మొదటి అధ్యక్షుడై ఇరువది సంవత్సరాలు పాలించి, స్వచ్ఛందంగా పదవి విడిచాడు. పోర్చుగీసు భాషలో వ్రాసిన వైద్యుడు, కవి అగస్టీనో నెటో పలుమార్లు జైలుకు వెళ్ళి 1975లో అంగోలా మొదటి అధ్యక్షుడయ్యాడు. వీరిద్దరూ పాలకుల భాషలో వ్రాసి ఆ పాలకులనే ఎదిరించిన కవులు. ఆ విషయంలో మఖ్దూంకు వీరితో పోలిక కుదురుతుంది. మఖ్దూం అయితే ఏనాడూ అధికార పక్షంలో లేడు. ఆయన పార్టీ పోరాడిన ప్రభుత్వం కూలిపోయినా దాని స్థానంలో వచ్చినది ఆయన ప్రభుత్వం కాదు. కవి చేతికి అధికారం వస్తే కవిత్వం ఏమవుతుందన్న ప్రశ్న సెంఘార్, నెటోల విషయంలో తరచు ఎదురవుతుంది. మఖ్దూం విషయంలో ఎదురయ్యేది వేరు ప్రశ్న. అధికారం రాకుండానే ఉద్యమం ఒక కవి సమయాన్నంతా తీసుకొంటే ఏమి మిగులుతుంది? 1961 తరువాతి రచనలను చదివినవారు మిగిలినది తక్కువేమీ కాదనే చెబుతారు.

చలనచిత్రాలలో

మఖ్దూం వృత్తిరీత్యా సినీకవి కాడు. అయినప్పటికీ ఈయన కవితలను పలు హిందీ చిత్రాలలో వాడుకొన్నారు. సిపాయి గురించిన యుద్ధకాలపు కవితను బిమల్ రాయ్ నిర్మించిన "ఉస్‌నే కహా థా" (1960) చిత్రానికి సలీల్ చౌదరి స్వరపరచాడు. "చారాగర్" కవిత "ఛా ఛా ఛా" (1964) చిత్రంలో మహమ్మద్ రఫీ, ఆశా భోంస్లే గళాలలో వినబడుతుంది. ముజఫర్ అలీ చిత్రం "గమన్" (1978) కొరకు జయదేవ్ స్వరపరచిన గజల్‌ను పాడిన ఛాయా గంగూలీకి ఉత్తమ నేపథ్య గాయనిగా జాతీయ పురస్కారం వచ్చింది. హైదరాబాదు నేపథ్యంలో సాగర్ సర్హదీ తీసిన "బజార్" (1982) చిత్రంలోని ఖయ్యాం స్వరపరచిన యుగళగీతం నేటికీ రేడియోలో వినబడుతుంది. ఈ పాటలను ఇష్టపడే శ్రోతలలో చాలమంది వాటిని వ్రాసినది సాయుధ పోరాటానికి పిలుపునిచ్చినవారిలో ఒకడని ఎరుగరు.

మరణం

1969 ఆగష్టు 25న ఢిల్లీలో ఉండగా గుండెపోటుతో మఖ్దూం మరణించాడు. భౌతికకాయాన్ని హైదరాబాదుకు తెచ్చి షా ఖామోష్ దర్గా శ్మశానవాటికలో ఖననం చేశారు. "ఖామోష్" అనగా మౌనం. "మౌనం వద్దు" అని వ్రాసిన కవికి ఆ పేరు గల చోట సమాధి కావడం యాదృచ్ఛికం.

దాదాపు తొమ్మిదేళ్ళ తరువాత, 1978లో, ఫైజ్ అహ్మద్ ఫైజ్ మాస్కోలో ఉన్నపుడు మఖ్దూం స్మృతిలో ఒక గజల్ వ్రాశాడు. "గమన్" చిత్రంలో ఛాయా గంగూలీ పాడిన గజల్ యొక్క ఛందస్సునే, అంత్యప్రాసతో సహా, అందులో పాటించాడు. ఉర్దూ సంప్రదాయంలో ఒక కవి మరొక కవికి అర్పించే గౌరవాలలో ఇది పెద్దది. అలీ సర్దార్ జాఫ్రీ ఉర్దూ కవులపై రూపొందించిన దూరదర్శన్ ధారావాహిక "కహ్‌కషాఁ"లో మఖ్దూం పాత్రను అప్పటికింకా ప్రసిద్ధుడు కాని ఇర్ఫాన్ ఖాన్ పోషించాడు. హైదరాబాదు టాంక్‌బండ్‌పై 1980లలో నెలకొల్పిన తెలుగు ప్రముఖుల విగ్రహాల వరుసలో ఈ ఉర్దూ కవి విగ్రహం కూడ ఉన్నది.